కృష్ణా డెల్టా కోళ్ళ పరిశ్రమ - జంతు సంరక్షణ చట్టాలు

కృష్ణా డెల్టా కోళ్ళ పరిశ్రమ ఆంధ్ర ప్రదేశ్‌లో విజయవాడ చుట్టుప్రక్కల, పొరుగున ఉన్న గోదావరి జిల్లాలలో విస్తరించిన గ్రుడ్ల, మాంసపు కోళ్ళ పెంపక వ్యవస్థ. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్ర ప్రదేశ్ భారతదేశంలో ప్రథమ స్థానంలో ఉన్నది. ఈ పరిశ్రమ వలన గ్రుడ్డు సామాన్యునికి అందుబాటు ధరలో లభించుచున్నది. అయితే పంజరాలలో కోళ్ళను ఇరికించి పెంచుట, రవాణా, వధ విషయాలలో దేశ చట్టాలు విధించిన నియమాలకు, ఆచరణకు మధ్య చాలా అంతరం కలదు. కోడి చట్టరీత్యా జంతువే అయినను, జంతు సంరక్షణ నియమాలలో అధిక భాగం నాలుగు కాళ్ళ పశువులను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినవి. ఈ వ్యాసంలో పరిశ్రమ స్వరూపం, దానికి వర్తించు చట్టాలు, వాటిపై గల నైతిక వాదములు వివరించబడినవి.

చారిత్రక నేపథ్యం

జంతువధపై ప్రభుత్వ నియంత్రణ తెలుగునేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని శిలాశాసనాలు ఉన్నవి. వాటిలో మొదటి శాసనం రాజు వంటశాలలో జరుగు జంతువధను తగ్గించిన విషయం తెలుపును. ఉత్తర భారతదేశంలోని స్తంభశాసనాలలో ఐదవది వధించరాని జంతువుల జాబితాను ఇచ్చి, కోడిపుంజులకు వృషణాలు తీయరాదని కూడా ఆదేశించినది. పెంపుడు కోడి బాధను గురించి రాజాజ్ఞ వెలువడిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వధశాలలపై అధికారి అయిన సూనాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయమే కేటాయించబడినది.

ఆధునిక కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం 1890లో జంతు హింస నిరోధక చట్టం చేసినది. స్వాతంత్ర్యానంతరం ఆ చట్టం చాలదని భావించి, నాట్యకళాకారిణి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ 1950వ దశకంలో రాజ్యసభలో ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టినది. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెచ్చునని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ హామీ ఇవ్వగా ఆమె బిల్లును ఉపసంహరించుకొనినది. దాని ఫలితమే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం. ఈ చట్టం క్రింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. రుక్మిణీదేవియే దానికి మొదటి అధ్యక్షురాలు.

ఈ చట్టం చేయునాటికి భారతదేశంలో కోళ్ళ పెంపకం ప్రధానంగా పెరటి వ్యాపకమే. పగలు పెంటకుప్పలపై తిరిగి, రాత్రి గంపక్రింద పడుకొనే నాటుకోడియే అప్పటి కోడి. వేలాది కోళ్ళను ఒకే షెడ్డులో పెంచు పద్ధతి తరువాత వచ్చినది.

పరిశ్రమ వికాసం

1971లో బండా వాసుదేవరావు హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ సంస్థను స్థాపించుటతో తెలుగు ప్రాంతాలలో ఆధునిక కోళ్ళ పరిశ్రమకు బలమైన పునాది పడినది. మధ్యవర్తులు ధర నిర్ణయించుట వలన రైతులు నష్టపోవుచుండగా, 1982లో ఆయన చొరవతో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘం ఏర్పడినది. ఈ సంఘం ప్రతిదినం ప్రకటించు గ్రుడ్డు ధరలలో విజయవాడ ధర కూడా ఒకటి.

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఈ పరిశ్రమ నిలదొక్కుకొనుటకు అనుకూలించిన కారణాలు:

* వరి పంట వలన నూకలు, తవుడు, ఊక సమృద్ధిగా లభించుట. నూకలు, తవుడు దాణాలో కలుపుదురు. ఊకను షెడ్డులో నేలపై పరచుదురు.
* మెట్ట ప్రాంతాల నుండి మొక్కజొన్న సులభంగా చేరుట.
* వ్యవసాయంలో మిగిలిన పెట్టుబడిని రైతులు ఈ రంగంలోనికి మళ్ళించుట.
* పశ్చిమ బెంగాల్, ఒడిషా, బీహార్, ఈశాన్య రాష్ట్రాలకు గ్రుడ్లను పంపుటకు రహదారి, రైలు సౌకర్యాలు ఉండుట.

విజయవాడకు సమీపాన ఉన్న గన్నవరం, నూజివీడు, హనుమాన్ జంక్షన్ పరిసరాలలోను, గోదావరి ప్రాంతంలో తణుకు, పెరవలి, ఉండ్రాజవరం పరిసరాలలోను కోళ్ళఫారాలు కలవు. గన్నవరంలో 1998లో స్థాపించబడిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉన్నది.

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళ సంఖ్య సుమారు 85 కోట్లు. అందులో సుమారు 10.8 కోట్లతో ఆంధ్ర ప్రదేశ్ తమిళనాడు తరువాత రెండవ స్థానంలో నిలిచినది. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన సుమారు 14,277 కోట్ల గ్రుడ్లలో 17.85 శాతం ఆంధ్ర ప్రదేశ్‌వే.

పెంపక విధానాలు

పరిశ్రమలో కోళ్ళు రెండు తెగలు. గ్రుడ్ల కోసం పెంచునవి లేయర్లు, మాంసం కోసం పెంచునవి బ్రాయిలర్లు. రెండింటి జీవన పరిస్థితులు వేరు. అందుచేత వాటి విషయంలో తలెత్తు ప్రశ్నలు కూడా వేరు.

లేయర్లు

లేయర్ పెట్టలను సుమారు నాలుగు నెలల వయస్సు వచ్చేసరికి ఇనుప తీగలతో చేసిన పంజరాలలోనికి చేర్చుదురు. వరుసలు వరుసలుగా, అంతస్తులుగా అమర్చిన ఈ పంజరాలను బ్యాటరీ పంజరాలు అందురు. పంజరం అడుగు కొద్దిగా ఏటవాలుగా ఉండి, పెట్టిన గ్రుడ్డు ముందుకు దొర్లి తొట్టిలోనికి వచ్చును. రెట్ట క్రిందికి జారిపోవును. కోడి తన రెట్టకు దూరంగా ఉండుట, గ్రుడ్లు శుభ్రంగా ఉండుట, తక్కువ కూలీలతో ఎక్కువ కోళ్ళను చూడగలుగుట ఈ పద్ధతిలోని లాభాలు.

ఒక పంజరంలో అనేక కోళ్ళు ఉండుట వలన ఒక్కొక్క దానికి లభించు స్థలం ఒక ఎ4 కాగితం వైశాల్యం (సుమారు 624 చదరపు సెంటీమీటర్లు) కంటె తక్కువ. రెక్కలు పూర్తిగా చాపుటకు, దుమ్ములో పొర్లాడుటకు, కొమ్మపై వాలుటకు, గ్రుడ్డు పెట్టు ముందు మరుగు వెదకుకొనుటకు అందులో వీలు లేదు. ఇరుకులో ఒకదానినొకటి పొడుచుకొనకుండ చిన్నతనంలోనే ముక్కు కొన కత్తిరించుదురు. ఏడాదికి 300కు పైగా గ్రుడ్లు పెట్టిన పిమ్మట, ఉత్పత్తి తగ్గిన కోళ్ళను మాంసానికి అమ్మివేయుదురు.

హేచరీలో పుట్టు పిల్లలలో సగం మగవి. లేయర్ జాతి మగపిల్ల గ్రుడ్లు పెట్టదు, మాంసానికి లాభసాటిగా ఎదగదు. కనుక వాటిని మొదటి రోజులలోనే చంపివేయుదురు, లేదా చౌకగా అమ్మివేయుదురు. వీధులలోను, తిరునాళ్ళలోను పిల్లలను ఆకర్షించుటకు రంగులద్ది అమ్ము కోడిపిల్లలలో అధికం ఇటువంటివే. జర్మనీ 2022 నుండి మగపిల్లల వధను నిషేధించినది.

బ్రాయిలర్లు

బ్రాయిలర్లను సాధారణంగా పంజరాలలో గాక, ఊక పరచిన నేలపై గుంపుగా పెంచుదురు. నాటుకోడికి అనేక నెలలు పట్టు బరువును ఇవి 35 నుండి 42 రోజులలో పొందును. శరీరం పెరిగినంత వేగంగా ఎముకలు, గుండె బలపడకపోవుట వలన కుంటితనం, గుండె సంబంధ వ్యాధులు వచ్చును. బ్రాయిలర్ బాధకు పంజరం కంటె జాతి ఎంపికయే ముఖ్య కారణమని నిపుణులు పలువురు చెప్పుదురు.

ఈ రంగంలో కాంట్రాక్టు పద్ధతి ఎక్కువ. కంపెనీ పిల్లలను, దాణాను, మందులను ఇచ్చును. రైతు షెడ్డు, కరెంటు, శ్రమ సమకూర్చి, కిలోకు ఇంత అని పెంపకపు కూలి పొందును. కోడి జాతిని, దాణాను, అమ్ము దినమును కంపెనీయే నిర్ణయించుటచే, కోడి సంక్షేమం విషయంలో రైతు స్వయంగా మార్చగలిగినది స్వల్పమే.

వర్తించు చట్టాలు

* రాజ్యాంగం: 48వ అధికరణం పశుసంవర్ధనను శాస్త్రీయంగా నిర్వహించవలెనని ప్రభుత్వానికి నిర్దేశించుచున్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చబడిన 51ఎ(జి) అధికరణం ప్రాణులపై దయ చూపుట పౌరుని ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది.
* జంతు హింస నిరోధక చట్టం, 1960: మానవుడు తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువేనని దీని నిర్వచనం. కనుక కోడికి ఇది వర్తించును. 3వ సెక్షన్ జంతువు క్షేమాన్ని చూచు బాధ్యతను యజమానిపై ఉంచినది. కదులుటకు తగిన అవకాశం లేని పంజరంలో జంతువును బంధించుట 11(1)(ఇ) సెక్షన్ ప్రకారం నేరం. ఆహారం కొరకు వధించుట నేరం కాదు గాని, అనవసరమైన బాధ కలిగించినచో మినహాయింపు వర్తించదు.
* జంతు రవాణా నియమాలు, 1978: 2001 సవరణ ద్వారా వీటిలో కోళ్ళకు ప్రత్యేక అధ్యాయం చేర్చబడినది. కోళ్ళను ఎండకు, వానకు, నేరుగా గాలి దెబ్బకు గురిచేయరాదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ మించినపుడు, 15 డిగ్రీల కంటె తగ్గినపుడు రవాణా చేయరాదు.
* వధశాల నియమాలు, 2001: ఒక జంతువును మరొక జంతువు కంటి ఎదుట వధించరాదు. మూడు నెలల లోపు వయస్సు గల జంతువును, పశువైద్యుని ధ్రువపత్రం లేని జంతువును వధించరాదు.
* ఆంధ్ర ప్రదేశ్ గోవధ నిషేధ, జంతు పరిరక్షణ చట్టం, 1977: ఇది గోవులకు, ఎద్దులకు, గేదెలకు సంబంధించినది. కోళ్ళకు వర్తించదు.

చట్టానికి, ఆచరణకు గల అంతరం

పై నియమాలను డెల్టా పరిస్థితులతో పోల్చినచో వాటి పరిమితులు తెలియును. విజయవాడలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. శీతాకాలపు రాత్రులను మినహాయించినచో ఏడాదిలో అధిక భాగం 25 డిగ్రీలకు పైననే ఉండును. నియమాన్ని అక్షరాలా పాటించినచో కోళ్ళ లారీలు చాలా దినములు కదలరాదు. అట్లే మూడు నెలల నియమాన్ని కోడికి వర్తింపజేసినచో ఆరు వారాలకే వధించబడు బ్రాయిలర్ పరిశ్రమయే ఉండదు. పాటించుట అసాధ్యమైన నియమం ఒకవైపు, పాటించదగిన నియమాలు కూడ మరుగున పడుట మరొకవైపు జరిగినవి.

శిక్షల విషయంలో బలహీనత మరింత స్పష్టం. 1960 చట్టం 11వ సెక్షన్ ప్రకారం మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు మాత్రమే. మూడేండ్లలోపు అదే నేరం మరల చేసినచో 25 నుండి 100 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. నేరం జరిగిన మూడు నెలలలోపు కేసు వేయవలెను. ఇరుకు పంజరంలో బంధించుట పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరాలలో లేదు. జరిమానాలను పెంచుటకు కేంద్రం 2022లో ఒక ముసాయిదా సవరణ బిల్లును ప్రజాభిప్రాయానికి విడుదల చేసినది.

బ్యాటరీ పంజరాల వివాదం

బ్యాటరీ పంజరాలు 11(1)(ఇ) సెక్షన్‌కు విరుద్ధమని భారత జంతు సంక్షేమ మండలి అభిప్రాయపడినది. ఈ విషయం న్యాయస్థానాలకు కూడా చేరినది. 2017 జూలైలో భారత న్యాయ కమిషన్ తన 269వ నివేదికలో లేయర్లు, బ్రాయిలర్ల పెంపకం, రవాణాలను పరిశీలించి, రెండింటికి వేర్వేరు ముసాయిదా నియమావళులను సూచించినది.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ముసాయిదాలో పంజరంలోని ఒక్కొక్క కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్ల స్థలం ప్రతిపాదించబడినది. 2023లో వెలువడిన గ్రుడ్లు పెట్టు కోళ్ళ నియమావళి అదే కొలతను స్వీకరించినది. పరిశ్రమ వర్గాలు పెట్టుబడి భారాన్ని గురించి ఆందోళన తెలిపినవి. జంతు సంరక్షణ కార్యకర్తలు ఈ కొలత కూడా ఎ4 కాగితం కంటె చిన్నదని, పంజరాన్ని తొలగించుటకు బదులు చట్టబద్ధం చేసినదని విమర్శించిరి.

ఇతర దేశాలలో ఈ చర్చ 1964లో రూత్ హారిసన్ రచించిన "ఏనిమల్ మెషీన్స్" గ్రంథంతో ఊపందుకొనినది. మరుసటి ఏడు బ్రిటన్‌లో బ్రాంబెల్ సంఘం నివేదిక వెలువడినది. స్విట్జర్లాండులో 1992 నుండి, ఐరోపా సమాఖ్యలో 2012 జనవరి 1 నుండి సాధారణ బ్యాటరీ పంజరాలు నిషేధించబడినవి. ఐరోపా సమాఖ్యలో ఒక కోడికి కనీసం 750 చదరపు సెంటీమీటర్లు, గూడు, వాలుటకు కర్ర గల పెద్ద పంజరాలను మాత్రం అనుమతించిరి.

న్యాయస్థానాల తీర్పులు

2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీం కోర్టు, అంతర్జాతీయంగా అంగీకరించబడిన ఐదు స్వేచ్ఛలను 1960 చట్టంలోని 3, 11 సెక్షన్లలో భాగంగా చదువవలెనని తీర్పు చెప్పినది. ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, గాయం-వ్యాధుల నుండి, భయం నుండి విముక్తి, సహజ ప్రవర్తనకు అవకాశం అనునవి ఆ ఐదు. కేసు ఎద్దుల పందేలకు సంబంధించినదైనను, ఈ సూత్రం పెంపుడు జంతువులన్నింటికి వర్తించును. అయితే 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు తదితర రాష్ట్రాల సవరణలను సమర్థించుచు, జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నవనుటకు పూర్వోదాహరణ లేదని పేర్కొన్నది. అనగా జంతువు రక్షణ ప్రస్తుతం మానవుని బాధ్యత రూపంలోనే ఉన్నది, జంతువు హక్కు రూపంలో కాదు.

డెల్టాలో కోడికి సంబంధించి న్యాయస్థానం దృష్టిని ఎక్కువగా ఆకర్షించినవి సంక్రాంతి కోడిపందేలు. 2016 డిసెంబరులో హైదరాబాదు ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అరికట్టవలెనని అధికారులను ఆదేశించినది. జంతువులను పోరాటానికి పురికొల్పుట 1960 చట్టం ప్రకారం నేరం. పందెపు పుంజు పండుగ వరకు బాదంపప్పు, మాంసం తిని ఆరుబయట పెరుగును. పంజరపు పెట్ట జీవితమంతా తీగలపై గడుపును. ఒకే చట్టం రెండింటినీ రక్షించుచున్నను, బహిరంగంగా జరుగు హింసపై దృష్టి పడినంతగా షెడ్డులోపలి హింసపై పడలేదు.

పట్టణంలో విక్రయం

విజయవాడలో బెంజి సర్కిల్‌కు చేరువన ఉన్న పటమట పూర్వం ప్రత్యేక గ్రామం. 1985లో గుణదల, భవానీపురంతో పాటు నగరపాలక సంస్థలో విలీనమైనది. గ్రామాలు నగరంలో కలిసిన కొలది, పెరటి కోళ్ళ స్థానాన్ని చికెన్ దుకాణాలు ఆక్రమించినవి.

ఇటువంటి పేటలలో బ్రాయిలర్ కోళ్ళు ప్రాణంతోనే దుకాణానికి చేరును. కొనుగోలుదారు తాను ఎంచుకొన్న కోడి తన ఎదుటనే కోయబడవలెనని కోరును. తాజాదనానికి అది హామీ అని అతని నమ్మకం. ఆదివారం రద్దీలో ఈ పని మరింత వేగంగా సాగును. కోళ్ళ గూడు ప్రక్కనే వధ జరుగుటచే, మరొక జంతువు ఎదుట వధించరాదను నియమానికి ఇక్కడ స్థానం లేదు. స్పృహ తప్పించి వధించు సౌకర్యం చిన్న దుకాణంలో ఉండదు. వధశాల నియమాలు దినమునకు పది, అంతకు మించి జంతువులను వధించు చోటును వధశాలగా నిర్వచించినవి. ఆ లెక్కన ఒక మోస్తరు దుకాణం కూడా వధశాలయే. 2023లో సూరత్ చికెన్ దుకాణాల మూసివేతపై గుజరాత్ హైకోర్టులో జరిగిన విచారణలో, కోడి జంతువు క్రిందకు వచ్చునా అను ప్రశ్నయే చర్చకు వచ్చినది.

నైతిక వాదములు

పరిశ్రమను సమర్థించువారి వాదనలు:

* గ్రుడ్డు చౌకగా లభించు పోషకాహారం. జాతీయ పోషకాహార సంస్థ ఏడాదికి మనిషికి 180 గ్రుడ్లు సూచించగా, 2023-24లో దేశంలో తలసరి లభ్యత 103 మాత్రమే. రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గ్రుడ్డు ఉన్నది. ధర పెరిగినచో మొదట నష్టపోవునది పేద పిల్లలే.
* ఈ పరిశ్రమ లక్షలాది కుటుంబాలకు జీవనాధారం. మొక్కజొన్న, వరి రైతులకు ఇది మార్కెట్టు.
* పంజరంలో కోడికి వ్యాధులు, కుక్కలు, పిల్లుల భయం తక్కువ.

వ్యతిరేకించువారి వాదనలు:

* బాధను అనుభవించు శక్తియే నైతిక పరిగణనకు ప్రాతిపదిక. పీటర్ సింగర్ 1975లో రచించిన "ఏనిమల్ లిబరేషన్" ఈ వాదాన్ని ప్రచారంలోనికి తెచ్చినది. 1983లో టామ్ రీగన్ జంతువులకు హక్కులే కలవని వాదించెను.
* వధను అంగీకరించినను, వధకు ముందు జీవితకాలమంతా బాధ పెట్టుట దానితో సమర్థించబడదు. సాంప్రదాయక మాంసాహారి సమాజాలలో సైతం నాటుకోడి స్వేచ్ఛగా తిరిగి పెరిగినదే.
* గ్రుడ్డు ధరలో కనిపించని ఖర్చును కోడి, పరిసర గ్రామాలు భరించుచున్నవి. రెట్ట వలన దుర్వాసన, ఈగలు ఇందులో భాగం.

ఈ వాదములు రెండూ శాకాహార, మాంసాహారుల మధ్య వివాదంగా కనబడినను, వాస్తవానికి ప్రశ్న వేరు. ఆహారం కొరకు జంతువును ఉపయోగించుట చట్టసమ్మతం. అందుకొరకు ఎంత బాధ అవసరం, ఎంత అనవసరం అను గీతను ఎవరు గీయవలెననునదే విషయం. 1960 చట్టం ఆ మాటను వాడినది గాని కొలత చెప్పలేదు. 550 చదరపు సెంటీమీటర్లు ఆ కొలతకు జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకటి.

ప్రజారోగ్యం

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళు పెద్ద సంఖ్యలో మరణించగా, భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూను నిర్ధారించినది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాలతో పాటు ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలో కూడా వ్యాధి బయటపడినది. వ్యాధి సోకిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపల కోళ్ళను చంపి పూడ్చుట, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుట నిబంధన. ఒకే జాతి కోళ్ళను కిక్కిరిసిన షెడ్డులలో పెంచుట వలన వ్యాధి వేగంగా వ్యాపించునని ఒక వర్గం, ఆరుబయటి కోళ్ళకు అడవి పక్షుల వలన వ్యాధి సోకునని మరొక వర్గం వాదించును.

దాణాలో యాంటీబయాటిక్‌ల వాడకం మరొక సమస్య. మానవ చికిత్సలో చివరి అస్త్రంగా వాడు కొలిస్టిన్ మందును ఆహార జంతువులలో వాడరాదని 2019 జూలైలో కేంద్రం నిషేధించినది.

ప్రత్యామ్నాయాలు

* పంజరరహిత పెంపకం: ఊక నేలపై గూళ్ళు, వాలుకర్రలతో లేయర్లను పెంచుట. స్థలం, కూలి ఎక్కువ కావున గ్రుడ్డు ధర హెచ్చును.
* పెరటి కోళ్ళు: హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు ఆరుబయట పెరుగుటకు అనుకూలం. గ్రామీణ మహిళలకు ఇవి ఆదాయ మార్గం.
* వధలో మార్పులు: స్పృహ తప్పించి వధించు సౌకర్యం గల ఆధునిక వధశాలలను నెలకొల్పి, శీతలీకరించిన మాంసాన్ని దుకాణాలకు చేర్చుట. తాజా మాంసంపై గల నమ్మకం దీనికి ప్రధాన ఆటంకం.
* మగపిల్లల సమస్య: పొదుగుదశలోనే లింగనిర్ధారణ చేయు సాంకేతికత కొన్ని ఐరోపా దేశాలలో వాడుకలోనికి వచ్చినది.

ఇవి కూడా చూడండి

* పటమట
* విజయవాడ
* జంతు హింస నిరోధక చట్టం, 1960
* రుక్మిణీదేవి అరండేల్
* కోడిపందెం
* ఎర్రగుడి అశోక శాసనాలు
* బర్డ్ ఫ్లూ